ఏడున్నరకు పళ్లెం: మహబూబ్‌నగర్‌లో ఒక ఇంటి రాత్రి భోజనం మీద కేస్ స్టడీ

"మేడం, నాకు వంట రాక కాదు, టైం లేక. ఇరవై నిమిషాల్లో అయ్యే వంటలు ఓ పది రాసివ్వండి, చాలు."

జూన్ చివర్లో, బడులు తెరిచి రెండు వారాలైన తర్వాత, మహబూబ్‌నగర్‌లోని నా గదిలో కూర్చొని ఒక టీచర్ అడిగిన మాట ఇది. ఆమె తన కోసం రాలేదు. పక్కన కూర్చున్న అత్తమ్మకు అరవై నాలుగేళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది. డాక్టరు మందులు చూసి, తిండి సంగతి మాట్లాడమని డైటీషియన్‌నైన నా దగ్గరికి పంపారు.

"రాత్రి ఏం తింటరు పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె కోడలి వైపు ఒకసారి చూసి, "ఏముంటే అది తింట బిడ్డా. ఎప్పుడైతే అప్పుడు" అన్నది. ఏముంటే అది అనే జవాబు నాకు రోజూ వినపడేదే. ఎప్పుడైతే అప్పుడు అన్న దగ్గర ఆగాను.

వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఇంట్లో ఐదుగురు. టీచర్ గారి బడి మరికల్ దాటాక ఒక పల్లెలో ఉంది, పోను రాను బస్సే. భర్త జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పని చేస్తారు. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు దాకా, ఒక వారం రెండు నుంచి రాత్రి పది దాకా, ఇంకో వారం రాత్రంతా డ్యూటీ. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు ఐదో తరగతి. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర ఐదు నిమిషాలకు మించి నిలబడలేదు.

పుస్తకంలో గంటలు

సాధారణంగా ఏం తిన్నారో రాయమంటాం. ఈ ఇంటికి మాత్రం గంటలు రాయమన్నాను. టీచర్ ఇంటికి చేరిన టైం, పొయ్యి వెలిగించిన టైం, పెద్దమ్మ మాత్ర వేసుకున్న టైం, అందరూ తిన్న టైం. రెండు వారాలు. కూతురు చక్కటి చేతిరాతతో ఒక నోట్‌బుక్‌లో రాసి తెచ్చింది.

పద్నాలుగు రాత్రుల్లో ఐదు రాత్రులు అన్నం, కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూర. మూడు రాత్రులు నూడుల్స్, మూడు రాత్రులు అన్నం, పచ్చడి, పెరుగు. రెండుసార్లు బండి మీది ఫ్రైడ్ రైస్, ఒక్కసారి ఆదివారం కోడికూర. ఆకుకూర ఒక్క రాత్రి కూడా లేదు. కానీ ప్రతి ఆదివారం రైతుబజార్‌లో పాలకూర కొంటున్నారు, ప్రతి గురువారం అది వాడిపోయి చెత్తబుట్టలో పడుతున్నది.

గంటలు చూస్తే అసలు కథ బయటపడింది. టీచర్ గారు ఇంటికి చేరేది ఆరూ నలభైకి. పొయ్యి వెలిగేది ఎనిమిదీ ఇరవైకి. వంట అయ్యేది తొమ్మిదిలోపే. అంటే ఆమె ఇప్పటికే నలభై నిమిషాల్లో వండుతున్నారు. ఇరవై నిమిషాల వంటలు పది రాసిచ్చినా ఆ ఇంట్లో భోజనం ఇరవై నిమిషాలే ముందుకు జరుగుతుంది. పోతున్న సమయం, చేరడానికీ వెలిగించడానికీ మధ్యనున్న గంటా నలభై నిమిషాలు. ఆ టైంలో ఏం జరుగుతున్నదని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించి చెప్పారు. ఛాయ్, కొడుకు హోంవర్క్, బడి గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు. వీటన్నిటి మధ్య ఫ్రిజ్ తలుపు తీసి, ఏం వండాలో తోచక మళ్లీ మూసేయడం. "అదే నాకు పెద్ద టెన్షన్ మేడం. వండుడు కాదు, ఏం వండాల్నో అనుకునుడు."

ఇక పెద్దమ్మ సంగతి. రోజూ రాత్రి ఏడున్నరకు, గోడ గడియారం చూసి మాత్ర వేసుకుంటుంది. అందులో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపెరైడ్ కూడా ఉంది. గ్లిమిపెరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. కడుపులోకి తిండి రాకపోయినా దాని పని అది చేస్తుంది. తిండి వచ్చేది తొమ్మిదిన్నరకు. మధ్యలో ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆమెకు చెమటలు పట్టడం, చేతులు వణకడం. ఇంట్లో అందరూ అది నీరసం అనుకున్నారు. నాలుగైదు బిస్కెట్లు, చక్కెర వేసిన ఛాయ్ ఇచ్చేవాళ్లు. వణుకు తగ్గేది. గంట తర్వాత కంచం నిండా అన్నం. పొద్దున పరగడుపున చూస్తే షుగర్ 180 పైన.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది, కానీ పొద్దున మాత్రమే చూసేవాళ్లు. ఆ వణుకు వచ్చినప్పుడు చూడమన్నాను. రెండో రోజు 66 వచ్చింది. 70 కన్నా తగ్గితే అది ప్రమాదపు గీత కింద ఉన్నట్టే. షుగర్ ఎక్కువున్న మనిషికి షుగర్ పడిపోవడమేంటని పెద్దమ్మ కొడుకు నమ్మలేదు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేశాను. మాత్ర మార్చడం, ఆపడం, వేళ జరపడం డాక్టరు చేయాల్సిన పని, అందులో నేను వేలు పెట్టను. పళ్లెం ముందు కూర్చున్నాకే మాత్ర వేసుకోవాలని ఆయన చెప్పారు. ఆ పళ్లెం ఏడున్నరకు ముందుకు వచ్చేలా చూడటం నా వంతు.

నేను రాసిచ్చిన చార్ట్

మొదట నేను చేసింది తప్పు. ఏడు రోజులకు ఏడు వంటలు రాసిచ్చాను. ఓట్స్ కిచిడి, కూరగాయల సూప్, పనీర్ బుర్జీ, రాగి దోశ ఇలా. ఒక్కోటి పోషకాల లెక్కలో బాగానే ఉంటుంది. మూడు వారాల తర్వాత వస్తే నాలుగు వంటలు ఒక్కోసారి చేశారు, మిగతావి ముట్టుకోలేదు. టీచర్ గారు తప్పు చేసినట్టు తల దించుకొని చెప్తుంటే నాకు బాధేసింది. తప్పు ఆమెది కాదు. ఏడు కొత్త వంటలంటే ఏడుసార్లు కొత్తగా ఆలోచించడం, ఏడుసార్లు సామాను వెతుక్కోవడం. పైగా ప్రతి వంటా ఆమె ఇంటికి వచ్చాకే మొదలు కావాలి. ఆ ఇంట్లో అలసిపోయి ఉన్న మనిషి మీదే నేను ఇంకొంత బరువు పెట్టాను.

ఆ ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వంటింటి అటక మీద ఊరి నుంచి వచ్చిన జొన్నల బస్తా ఉంది, విప్పనైనా విప్పలేదు. సంచిలో పల్లీలు. కోడలికి రొట్టె కొట్టడం రాదు, అత్తకు నిలబడటం రాదు. పెద్దమ్మ మంచం మీద కూర్చొని తన చిన్నప్పటి రాత్రులు చెప్పింది. జొన్న సంకటి, పుంటికూర పప్పు. తెల్లారి మిగిలిన సంకటిలో సల్ల పోసుకొని పొలానికి పోవడం. "రెండు రూపాల బియ్యం వచ్చినంక సంకటి బోయింది బిడ్డా" అన్నది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పథకం మొదలుపెట్టింది 1983లో. అప్పటికి ఆమెకు ఇరవై పైచిలుకు. పాలమూరు పల్లెల్లో ఆమె వయసు వాళ్లు చాలామంది ఇదే మాట చెప్తారు. కరువు రోజుల్లో ఆ బియ్యం ఎన్ని కడుపులు నింపిందో కూడా వాళ్లే చెప్తారు. అందుకే బియ్యాన్ని తిట్టే డైటింగ్ మాటలు నేను ఆ ఇంట్లో మాట్లాడలేదు.

అక్కడే కూర్చొని ఒక నియమం పెట్టుకున్నాం. ఈ ఇంటికి పని రోజుల రాత్రి వంట అంటే, టీచర్ గారు బస్సులో ఉండగానే ఇంట్లో ఇంకొకరు మొదలుపెట్టగలిగేది. అలా మొదలుపెట్టలేనిది ఎంత ఆరోగ్యకరమైనా ఆ జాబితాలోకి రాదు.

ఒక్కొక్కరినీ నీకేం వచ్చు అని అడిగాను. కూతురు కుక్కర్ పెడుతుంది, దోశ పోస్తుంది, ఆమ్లెట్ వేస్తుంది. కొడుకు బియ్యం కడుగుతాడు, ఉడికిన గుడ్ల పెంకు తీస్తాడు. పొద్దున షిఫ్టు వారంలో తండ్రి మూడున్నరకే ఇంట్లో ఉంటారు. పెద్దమ్మ కూర్చొని ఆకుకూర గిల్లుతుంది, పల్లీలు పొట్టు తీస్తుంది, ఎల్లిగడ్డలు ఒలుస్తుంది. ఆమెను ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, మోకాళ్లు నొస్తాయని. అడగ్గానే ఆమె ముఖంలో వచ్చిన మార్పు నాకు ఇంకా గుర్తుంది.

నాలుగే వంటలు

వారానికి నాలుగు రాత్రులకు నాలుగు వంటలు. అవే మళ్లీ మళ్లీ.

సోమవారం కిచిడి. మామూలుగా మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు వేస్తారు. ఇక్కడ సగం సగం వేయించాను. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్, పెసరపప్పులో దాదాపు 24 గ్రాములు. మూడు వందల గ్రాముల బియ్యం, వంద గ్రాముల పప్పుతో వండితే నలుగురిలో ఒక్కొక్కరికి 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. రెండూ రెండు వందల గ్రాములు వేస్తే 16 వస్తుంది, కుక్కర్ అదే, గ్యాస్ అంతే. పెద్దమ్మ ఐదింటికి సీరియల్ చూస్తూ గిల్లిన పాలకూర, ఒక క్యారెట్, రెండు టమాటాలు, పసుపు. కూతురు ఆరున్నరకే కుక్కర్ పెడుతుంది. తల్లి ముఖం కడుక్కొని వచ్చేసరికి నాలుగు విజిల్స్ అయిపోయి ఆవిరి దిగుతూ ఉంటుంది. పైన పల్లి పొడి, పక్కన పెరుగు. పాలకూర గురువారం దాకా బతకాల్సిన అవసరం లేకుండా సోమవారమే వాడేస్తున్నాం.

మంగళవారం జొన్న రొట్టె, పప్పు. రొట్టె ఇంట్లో కాదు. మన ఊళ్లలో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకొని జొన్న రొట్టెలు కొట్టి అమ్మే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర కొనమన్నాను. టీచర్ గారికి మొదట మొహమాటం, ఇల్లాలు అయ్యుండి రొట్టె కొనడమేంటని. నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాను. నూనె లేకుండా, ఉట్టి పిండితో కళ్ల ముందే కాల్చిన రొట్టె కొనడం, ఫ్రైడ్ రైస్ కొనడం ఒకటి కాదు. ఆ చేతి పనికి ఇచ్చే డబ్బు కూడా మంచి చోటికే పోతుంది. పప్పు మాత్రం పొద్దున్నే సగం అయిపోతుంది. పొద్దున అన్నం కుక్కర్‌లోనే ఇంకో గిన్నెలో కందిపప్పు ఉడికించి, ఉప్పు, పులుపు లేకుండా ఫ్రిజ్‌లో పెడతారు. సాయంత్రం టమాటానో పుంటికూరనో వేరుగా మగ్గబెట్టి కలిపి, పోపు పెట్టడమే. పుంటికూర మొదటే పప్పులో వేసి ఉడికిస్తే ఆ పులుపుకు పప్పు బిరుసెక్కి ఉడకదు. అలా ఒకసారి ముప్పావు గంట పట్టిందని టీచర్ గారు చెప్పాకే ఈ వరుస పెట్టాం.

జొన్న గురించి ఒక మాట. ఆ పట్టికల ప్రకారమే 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపు. ఆ తేడా షుగర్ ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. కానీ పిండిపదార్థం జొన్నల్లోనూ 100కు 68 గ్రాములు ఉంది, బియ్యంలో 78. జొన్న రొట్టె ఎన్ని తిన్నా షుగర్ పెరగదని నమ్మి నాలుగు రొట్టెలు తినేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. పెద్దమ్మకు ఒకటిన్నర రొట్టె, గిన్నెడు చిక్కటి పప్పు, ఉల్లిగడ్డ ముక్కలు అని చెప్పాను.

బుధవారం పెసరట్టు. పొద్దున ఏడింటికి కొడుకు పెసర్లు కడిగి నానబోస్తాడు, అది వాడి పని. గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి. మొదటి వారం బయటే పెట్టారు, సాయంత్రానికి వాసన వచ్చి పారబోయాల్సి వచ్చింది. సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి వెంటనే పోసుకోవచ్చు, పులియాల్సిన పని లేదు. అట్టు మీద గుడ్డు కొట్టి వేస్తే పిల్లలు ఇంకేం అడగరు. ఒక గుడ్డుతో ఇంకో 6 గ్రాముల ప్రొటీన్.

శుక్రవారం గుడాలు. ఇది పెద్దమ్మ వంట. అలసందలు, శనగలు మార్చి మార్చి నానబెట్టి బుధవారం రాత్రి ఉడికించి, వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. మూడు రోజుల్లో వాడేయాలి. శుక్రవారం ఉల్లిగడ్డ, దంచిన ఎల్లిగడ్డ, కారంతో పోపు వేసి నిమ్మకాయ పిండుతారు. ఆ నిమ్మరసం రుచికి మాత్రమే కాదు, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి పనికొస్తుంది. తినగానే ఛాయ్ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది, అందుకే టీచర్ గారి రాత్రి ఛాయ్‌ను గంట వెనక్కి జరిపాం. గుడాలతో పాటు కుక్కర్‌లో జొన్న రవ్వ సంకటి, పచ్చిపులుసు. ఊరి జొన్నల బస్తా విప్పి రవ్వ పట్టించిన రోజు పెద్దమ్మ ఫోన్ చేసింది. కోడలి ఫోన్ తీసుకొని తనే చేసింది.

మిగిలిన మూడు రాత్రులకు నేను ఏమీ రాయలేదు. ఒకటి ఆదివారం. ఒకటి మిగిలినవి సర్దుకొనే రాత్రి. ఒకటి కర్రీ పాయింట్. దాన్ని ఆపమనలేదు, ఏం తేవాలో చెప్పాను. పప్పు, ఆకుకూర, సాంబారు తెచ్చుకోవచ్చు, నూనె తేలే వేపుళ్లు, గ్రేవీలు వద్దు. ఏది తెచ్చినా ఇంట్లో రెండు గుడ్లు ఉడికించుకోవాలి.

ముందు ఎవరు తినాలి

వంటలకన్నా పెద్ద చిక్కు నేను ఊహించని చోట వచ్చింది. ఏడున్నరకు వంట అయినా పెద్దమ్మ తినలేదు. "కొడుకు రాక ముందు, కోడలు తినక ముందు నేనెట్ల తింట? నలుగురు ఏమనుకుంటరు?" ఆ మాటలో ఒక జీవితకాలపు అలవాటు ఉంది. ఇంట్లో ఆడమనిషి అందరికీ వడ్డించి చివర తినాలన్నది ఆమెకు ఎవరూ చెప్పకుండానే ఒంటబట్టింది. ఈ వయసులో అదే ఆమె ప్రాణం మీదికి వస్తున్నది. చార్టు రాసి మార్చగలిగే విషయం కాదది.

దారి మనవడు చూపించాడు. వాడికి ఏడింటికే ఆకలి. అప్పటిదాకా చిప్స్ పొట్లాలతో గడుపుతున్నాడు, తొమ్మిదిన్నరకు అన్నం పెడితే సగం వదిలేస్తున్నాడు. నానమ్మతో కూర్చొని ఏడున్నరకు తినడం వాడి డ్యూటీ అని చెప్పాం. మనవడికి తోడుగా తినడానికి ఆమెకు అభ్యంతరం లేకపోయింది. పళ్లెం ముందు పెట్టి, మాత్ర చేతిలో పెట్టేది కూడా వాడే. రెండో వారం నుంచి చిప్స్ పొట్లాలు వాటంతట అవే తగ్గాయి, నేను వాటి ఊసెత్తలేదు.

ఆరు నెలల తర్వాత

అక్టోబర్‌లో మళ్లీ నాలుగు వారాల పుస్తకం రాయించాను. ఇరవై ఎనిమిది రాత్రుల్లో పంతొమ్మిది రాత్రులు పెద్దమ్మ ఎనిమిదిలోపు తిన్నది. 70 కన్నా తక్కువ షుగర్ ఒక్కసారి కూడా కనపడలేదు. రాత్రి బిస్కెట్లు ఆగాయి, ఎందుకంటే వాటి అవసరం రాలేదు. డిసెంబర్‌లో హెచ్‌బీఏ1సీ 7.8. ఇదంతా జొన్నల వల్లనో పెసరపప్పు వల్లనో అని నేను చెప్పను. మాత్ర వేళ మారింది, తిండి వేళ మారింది, తొమ్మిదిన్నరకు తినే పెద్ద కంచం తగ్గింది. ఏది ఎంత పని చేసిందో విడదీయడం ఒక్క ఇంటిని చూసి సాధ్యం కాదు.

కుదరనివి కూడా ఉన్నాయి. రెండు నుంచి పది షిఫ్టు వారాల్లో భర్త పదకొండుకు వచ్చి ఇప్పటికీ అన్నమే ఎక్కువ తింటున్నారు. ఆ గంటకు ఆయనకేం పెట్టాలన్నది మేం ఇంకా తేల్చుకోలేదు. కొడుకు అలసందలు ముట్టడు, శనగలు తింటాడు. బడిలో పరీక్షల పేపర్లు దిద్దే వారాల్లో కర్రీ పాయింట్ ఒక రాత్రి నుంచి మూడు రాత్రులకు పోతుంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ పని ఇంకా సులువవుతుందనుకున్నాను. టీచర్ గారు మధ్యాహ్నం రెండున్నరకే ఇంట్లో ఉంటారు కదా. పుస్తకం చూస్తే మొదటి వారమే భోజనం మళ్లీ తొమ్మిదికి పోయింది. అమ్మ ఇంట్లో ఉందని కూతురు కుక్కర్ పెట్టడం మానేసింది. ఎండకు పడుకొని లేచిన పెద్దమ్మ ఆకుకూర గిల్లలేదు. టీచర్ గారు మొత్తం వంట మళ్లీ తన మీదే వేసుకున్నారు, చేతిలో టైం ఉంది కదా అని సాయంత్రం దాకా మొదలుపెట్టలేదు. ఈసారి నేను గుర్తించకముందే ఆమే ఫోన్ చేశారు. "మేడం, నేను ఇంట్ల ఉన్నా కుక్కర్ పాపనే పెట్టాలె. అట్లనే రాసుకుంటున్న."

కూతురికి పరీక్షలున్న రోజుల్లో ఆ పని తండ్రికి పోయింది, ఆ వారం ఆయనది పొద్దున షిఫ్టు. ఏప్రిల్ మొదటి గురువారం పేజీలో ఇలా ఉంది: నానమ్మ తిన్నది 7:35, పెసరట్టు, పల్లి పొడి, వండింది నాన్న. ఎండలు ముదిరాయి కాబట్టి పెసర్లు నానబెట్టే గిన్నెలో నీళ్లు మధ్యాహ్నం ఒకసారి మార్చమని ఆ పేజీ కిందే రాసి పంపాను. పెద్దమ్మ తర్వాతి రక్తపరీక్ష జూన్‌లో.